ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్ పని లేనప్పుడే రీస్టార్ట్ అవుతోంది: కారణం ఎక్కడ వెతకాలి?

కొర్లగుంట_వాసి (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. పెళ్ళి వీడియోల ఎడిటింగు కోసం ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, ఇంట్లో వాడుకునే సిస్టమ్ కొంతకాలంగా చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అవుతోంది. మీకు అడిగే శ్రమ తగ్గుతుందని వివరాలన్నీ ముందే రాస్తున్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్, మదర్‌బోర్డు బీ550, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) 550 వాట్లు. డీడీఆర్4 ర్యామ్ 8 జీబీ స్టిక్కులు నాలుగున్నాయి. మొదట ఒక జతే ఉండేది, అదే కంపెనీ అదే మోడల్‌లో రెండో జతను తర్వాత చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ ఇచ్చిన ఎక్కువ వేగపు సెట్టింగు) ఆన్ చేసి ర్యామ్‌ను 3600 వద్ద నడుపుతున్నాను. ప్రాసెసర్ హద్దులను పెంచే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లో గరిష్ఠ వేగానికి 200 మెగాహెర్ట్జ్ అదనంగా ఇచ్చి, కోర్లకు అందే వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆరు కోర్లకూ మైనస్ 30 పెట్టాను.

అర్థం కాని విషయం ఏమిటంటే, గంటల తరబడి సాగే రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని) ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతుంది. అన్ని కోర్ల మీదా సినీబెంచ్, ప్రైమ్95 పరీక్షలు నడిపినా ఉష్ణోగ్రత 78 డిగ్రీలు దాటలేదు, సిస్టమ్ నిలబడింది. అదే రెండర్ అయిపోయాక బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటున్నప్పుడో, ఎక్సెల్‌లో ఖర్చుల లెక్క రాసుకుంటున్నప్పుడో తెర ఉన్నట్టుండి నల్లబడి, మరుక్షణం బయోస్ లోగో కనిపిస్తుంది. నీలి తెర ఒక్కసారీ రాలేదు. ఎస్ఎంపీఎస్ మార్చేయమని షాపతను అంటున్నాడు. డబ్బు పెట్టే ముందు మీ అభిప్రాయం తెలుసుకుందామని అడుగుతున్నాను.

తిరుచానూరు_రోడ్డు (తిరుపతి)

ఇందులో అంతగా ఆలోచించాల్సింది ఏమీ లేదండీ, ఎండలే కారణం. వేసవిలో తిరుపతి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటాక, మేడ మీద గదిలో స్లాబు రాత్రి పదింటికి కూడా చల్లబడదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టండి, థర్మల్ పేస్టు మార్చండి. మా ఇంట్లో పాత సిస్టమ్‌కు ఈ వైద్యంతోనే నయమైంది.

పాత_మల్టీమీటర్ (చిత్తూరు)

తిరుచానూరు రోడ్డు గారూ, దుమ్ము దులపమన్న మీ సలహా ఎవరికైనా మంచిదే కానీ, ఈ లక్షణానికి ఎండ వాదన పొసగడం లేదు. కూలర్ ఎంత మంచిదైనా గది ఉష్ణోగ్రతకూ చిప్ ఉష్ణోగ్రతకూ మధ్య తేడాను అదుపులో ఉంచగలదే తప్ప గదిని చల్లబరచలేదు. గది 28 నుంచి 38కి పెరిగితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆ లెక్కన వీరి 78 డిగ్రీలు మండుటెండల్లో 88 అయినా, ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ పెట్టిన 95 డిగ్రీల హద్దుకు ఇంకా లోపలే ఉంటాయి. ఆ హద్దు దగ్గర పడితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కూడా. నిండు పనిలో నిలబడి, చల్లగా ఉన్న వేళ పడిపోయే యంత్రానికి వేడి రోగం అంటగట్టలేం.

కొర్లగుంట వాసి గారూ, ఊహలు కట్టిపెట్టి ముందు ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే విభాగంలో, రీస్టార్ట్ అయిన సమయం దగ్గర ఎర్ర గుర్తుతో ఉన్నవన్నీ చూడండి. కెర్నల్-పవర్ 41 తప్పకుండా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి. గతసారి విండోస్ సక్రమంగా మూతపడలేదని తిరిగి లేచాక అది రాసుకునే వాక్యమే అది, అందులో కారణం ఉండదు. పేరులో పవర్ అన్న మాట ఉన్నందుకు ఎస్ఎంపీఎస్ కొనేసిన వాళ్ళు నాకు చాలామంది తెలుసు. షాపుల్లో కూడా మొదట అదే చెబుతారు, ఎందుకంటే తేలిగ్గా మార్చగలిగేదీ వెంటనే అమ్ముడుపోయేదీ అదే. 41 వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (నీలి తెర కారణాన్ని తెలిపే సంఖ్య) సున్నా ఉందా, వేరే సంఖ్య ఉందా అన్నది రాయండి. దానితోపాటు హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఏవైనా నమోదయ్యాయేమో చూసి, ఉంటే పూర్తి పాఠం ఇక్కడ పెట్టండి.

ఎర్తింగ్_ముఖ్యం (రేణిగుంట)

లాగ్ వచ్చేలోపు కరెంటు సంగతి కూడా తేల్చుకోవడం మంచిది. నేటి ఎస్ఎంపీఎస్‌లలో ఎక్కువ భాగం 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతున్నాయి కాబట్టి, మన వీధుల్లో సాయంత్రం పూట వోల్టేజీ కొంత పడినంత మాత్రాన సిస్టమ్ ఆగిపోనక్కరలేదు. ప్రమాదమంతా క్షణకాలం తెగిపోయే కరెంటుతోనే. నిండు లోడులో ఇన్‌పుట్ పూర్తిగా పోతే ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు లాక్కురాగలదు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి ఆవర్తనం 20 మిల్లీసెకన్లు కనుక, సిస్టమ్ పడిపోవడానికి ఒక్క ఆవర్తనం తప్పినా చాలు. ఇంటి ఇన్వర్టర్ వెనుక సాధారణంగా ఒక స్విచ్ ఉంటుంది. అది నార్మల్ వైపు ఉంటే బ్యాటరీ మీదకు మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, యూపీఎస్ వైపు ఉంటే త్వరగా మారుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు ఆ తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. సిస్టమ్ రీస్టార్ట్ అయిన క్షణంలో అదే బోర్డు మీద ఉన్న రూటర్ కూడా ఆరి వెలిగిందా అన్నది గమనించండి.

ఇంకొక మాట. చెప్పులు లేకుండా క్యాబినెట్ లోహపు భాగాన్ని తాకితే జిల్లుమంటోందా? ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య నుంచి క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. గోడ సాకెట్‌లో ఎర్తు లేకపోతే క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు అతి స్వల్పం కాబట్టి మనిషికి జిల్లుమంటుందంతే కానీ, యూఎస్‌బీ పరికరాలకూ హెచ్‌డీఎంఐ పోర్టులకూ అది మంచిది కాదు.

కొర్లగుంట_వాసి (తిరుపతి)

అందరికీ కృతజ్ఞతలు. అడిగినవన్నీ చూశాను. ప్రతి రీస్టార్ట్‌కూ కెర్నల్-పవర్ 41 ఉంది, అందులో బగ్‌చెక్ కోడ్ సున్నా. దాదాపు ప్రతిసారీ డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18 కూడా నమోదైంది. అందులో కాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) హయరార్కీ ఎర్రర్ అనీ, ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ ఎక్కువ సార్లు 4, అప్పుడప్పుడు 5 అనీ ఉంది. రూటర్ ఆరడం లేదు, ఇన్వర్టర్ యూపీఎస్ స్థితిలోనే ఉంది. క్యాబినెట్ తాకితే జిల్లుమనడం మాత్రం నిజం, ఇన్నాళ్ళూ అది మామూలే అనుకుంటున్నాం.

దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు కానీ, ఈమధ్య ఒక పెళ్ళి ఆల్బం ఫోటోల జిప్ ఫైలు విప్పబోతే సీఆర్‌సీ (ఫైలు చెడిందో లేదో సరిచూసే సంఖ్య) తప్పింది. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లోని మూలప్రతి నుంచి విప్పితే బాగానే వచ్చింది.

పాత_మల్టీమీటర్ (చిత్తూరు)

ఇప్పుడు విషయం స్పష్టమవుతోంది. డబ్ల్యూహెచ్ఈఏ 18 అంటే ప్రాసెసర్ తన లోపల సరిదిద్దుకోలేని తప్పు జరిగిందని స్వయంగా చెప్పిన వాంగ్మూలం. కరెంటు తెగిపోతే ఆ వాంగ్మూలం రాసే అవకాశమే ఉండదు కనుక ఎస్ఎంపీఎస్ మీద అనుమానం బాగా తగ్గిపోయింది. ఏపీఐసీ ఐడీ అంటే తప్పు జరిగిన థ్రెడ్ (కోర్ నడిపే పని వరుస) సంఖ్య. మీ ప్రాసెసర్‌లో ఒక్కో కోర్‌కు రెండేసి థ్రెడ్లు కాబట్టి 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండవదానివి, 4, 5 మూడవదానివి. బయోస్ కోర్లను సున్నా నుంచి లెక్కపెడుతుంది గనుక అక్కడ దాని పేరు కోర్ 2. తప్పు మళ్ళీ మళ్ళీ ఒకే కోర్ దగ్గర జరుగుతోందంటే దానికి అందుతున్న వోల్టేజీ చాలడం లేదని అర్థం.

మరి నిండు పనిలో ఎందుకు పడిపోదు అన్నదే మీ ప్రశ్న. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు విద్యుత్ పరిమితి అడ్డం వచ్చి ఏ కోర్ కూడా తన గరిష్ఠ వేగానికి చేరదు. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన సాకెట్ పరిమితి 76 వాట్లు. ఓవర్‌డ్రైవ్‌తో దాన్ని పెంచినా ఆరు కోర్లూ కలిసి శిఖరానికి ఎక్కవు. బ్రౌజర్‌లో ఒక లింకు నొక్కినప్పుడు మాత్రం ఒక్క కోరే మేలుకుని, మిగతావి నిద్రపోతుండగా, 4.6 గిగాహెర్ట్జ్ బూస్టు మీద మీరిచ్చిన 200 కూడా కలుపుకుని 4.8 దాటి దూకుతుంది. వేగం ఎంత ఎక్కువైతే దానికి కావలసిన వోల్టేజీ అంత నిక్కచ్చిగా ఉండాలి, అక్కడే మీరు కోత పెట్టారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు కాబట్టి మైనస్ 30 అంటే 90 నుంచి 150 మిల్లీవోల్టుల కోత. ఇంత కోత పెట్టిన కోర్ పరుగు మొదలుపెట్టే క్షణంలో లెక్క తప్పడంలో ఆశ్చర్యం లేదు. అందువల్ల అన్ని కోర్ల పరీక్షలో ఎంతసేపు నెగ్గినా ఈ లోపం బయటపడదు.

ఇంకో సూక్ష్మం ఉంది. రైజెన్ మాస్టర్ అనే ఏఎండీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక కోర్ పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తుంది, అది చిప్‌లో అన్నింటికన్నా మేలైన కోర్. చిన్న పనులను విండోస్ ఎక్కువగా దాని మీదకే పంపుతుంది. మేలైన కోర్‌కు ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ కేటాయిస్తారు కనుక, అందులోంచి ఇంకా కోయడానికి మిగిలేది కొంచెమే. మీ నక్షత్రం కోర్ 2 పక్కనే ఉండి ఉంటుందని నా అంచనా. అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టి, ఉచితంగా వచ్చిన లాభమని వీడియోలు చేసేవాళ్ళు పక్కన సినీబెంచ్ అంకె ఒక్కటే చూపిస్తారు.

చేయవలసింది ఇది. బయోస్‌లో ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ లోడ్ చేసి, ఎక్స్‌ఎంపీ సహా ఏదీ ముట్టుకోకుండా, మామూలుగా క్రాష్ రావలసిన వ్యవధికి కొన్ని రెట్లు ఎక్కువ కాలం వాడండి. అప్పుడూ పడిపోతే చిప్ వారంటీకే వెళ్ళాలి. నిలబడితే ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకుందాం.

వర్సిటీ_మైదానం (తిరుపతి)

ఇంత తంతు దేనికండీ? కర్వ్ ఆప్టిమైజర్ పూర్తిగా తీసేసి, అన్ని కోర్లకూ 4.6 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులు అని చేత్తో కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా. మేమంతా అలాగే చేసేవాళ్ళం.

పాత_మల్టీమీటర్ (చిత్తూరు)

చేయవచ్చు, పాత తరం చిప్‌లలో అదే పద్ధతి. కానీ చిప్ ఖర్చు చేసే శక్తి వేగంతో పాటు నేరుగా, వోల్టేజీతో పాటు దాని వర్గం చొప్పున పెరుగుతుంది. రెండర్ సమయంలో చిప్ తనకు తానుగా 1.20 వోల్టుల దగ్గర నడుస్తుందనుకుంటే, మీరు 1.35 కట్టేసినందుకు అదే వేగానికి దాదాపు 27 శాతం ఎక్కువ శక్తి కావాలి, అదంతా వేడే. పైగా ఒంటరి కోర్ 4.6 దాటి వెళ్ళే అవకాశం శాశ్వతంగా పోతుంది. ఎడిటింగులో టైమ్‌లైన్ అటూ ఇటూ జరపడం లాంటి పనులు చాలావరకు ఒకటి రెండు కోర్ల వేగం మీదే ఆధారపడతాయి కాబట్టి వీరికి అది నష్టమే. మేడ మీద గది సంగతి తిరుచానూరు రోడ్డు గారు ముందే చెప్పారు.

హార్స్‌లీ_గాలి (మదనపల్లె)

అందరూ కోర్ 2 వెంటపడి ఆ జిప్ ఫైలును వదిలేశారు. నా దృష్టిలో క్రాష్ కన్నా అదే పెద్ద ప్రమాదం. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. ర్యామ్‌లో ఒక బిట్టు తిరగబడితే యంత్రం నడుస్తూనే తప్పుడు ఫైలును డిస్కు మీద రాసేస్తుంది, ఏడాది తర్వాత ఎవరో ఆల్బం అడిగినప్పుడు గానీ అది బయటపడదు. కాబట్టి అన్నిటికన్నా ముందు పాత బ్యాకప్ డిస్కును తీసి పక్కన పెట్టండి, ఇప్పుడున్న సిస్టమ్‌తో దాని మీద ఏదీ తిరగరాయకండి. చెడిన ప్రతి మంచి ప్రతిని మింగేయడానికి ఒక్క కాపీ చాలు.

ఇక ర్యామ్ సంగతి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాక్ చేయడమేనని చాలామందికి తట్టదు. డీడీఆర్4 ప్రామాణిక వోల్టేజీ 1.2, మీ 3600 ప్రొఫైల్ బహుశా 1.35 అడుగుతుంది. ఆ అంకెను కంపెనీ పరీక్షించేది ఒక ప్యాకెట్‌లో అమ్మిన జతకు మాత్రమే. రెండు ప్యాకెట్లు కలిపితే, మోడల్ నంబరు ఒకటే అయినా, లోపలి చిప్‌లు వేరు కావచ్చు, ఆ హామీ వర్తించదు. ఈ తరం ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం రెండు స్టిక్కులతో 3200, నాలుగు పెడితే అది ఇంకా తగ్గుతుంది. మీరు నాలుగింటితో 3600 నడుపుతున్నారు, దానికి తోడు ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ కూడా 1800 వద్ద పరుగెత్తాలి. లాగ్‌లో 18తో పాటు 19 సంఖ్యతో, బస్ లేదా ఇంటర్‌కనెక్ట్ అన్న మాటతో హెచ్చరికలేమైనా ఉంటే ఫ్యాబ్రిక్‌ను అనుమానించాలి.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్ లేకుండా నేరుగా దాని నుంచి బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. ర్యామ్ విషయంలో ఒకటి రెండు తప్పులకు మినహాయింపు లేదు. ఒక్కటి వచ్చినా ఆ వేగం పనికిరాదనే అర్థం. తప్పులు వస్తే పాత జతను ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉంచి పరీక్షించండి, తర్వాత అదే స్లాట్లలో కొత్త జతను. స్టిక్కు పెట్టేటప్పుడు క్లిప్పు దానంతటదే టక్కున పడాలి. చాలా బోర్డులకు క్లిప్పు ఒకవైపే ఉంటుంది కాబట్టి, రెండోవైపు సగం మాత్రమే దిగి ఆగిపోయినా పైనుంచి కనిపించదు.

కొర్లగుంట_వాసి (తిరుపతి)

కొంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. మధ్యలో ముహూర్తాల పని ఉండడంతో అదంతా లాప్‌టాప్ మీద పూర్తిచేసి, ఆ తర్వాత దీన్ని పట్టుకున్నాను.

డిఫాల్ట్ సెట్టింగులతో ఒక్క రీస్టార్ట్ కూడా రాలేదు. తర్వాత ఎక్స్‌ఎంపీ ఒక్కటే ఆన్ చేసి మెమ్‌టెస్ట్86 నడిపితే నాలుగు స్టిక్కులతో 3600 వద్ద ఎర్ర గీతలు వచ్చాయి. పాత జత విడిగా, కొత్త జత విడిగా అదే 3600 వద్ద శుభ్రంగా నెగ్గాయి. స్టిక్కులు చెడిపోలేదు, కలిసి కాపురం చేయలేకపోతున్నాయి అంతే. నాలుగింటినీ 3200కు దించితే రాత్రంతా నడిచినా తప్పు రాలేదు. నాకు వేగం కన్నా 32 జీబీయే అవసరం కనుక అక్కడే ఉంచేశాను. 19 హెచ్చరికలు ఇదివరకు కొన్ని ఉన్నాయి, 3200కు దించాక కొత్తవి రాలేదు.

ర్యామ్ తేలాకే కర్వ్ ఆప్టిమైజర్ జోలికి వెళ్ళాను. ఒక్కో కోర్ మీద విడివిడిగా ప్రైమ్95 నడిపే కోర్‌సైక్లర్ అనే స్క్రిప్టు గురించి వేరే చోట చదివి అదే వాడాను. పాత_మల్టీమీటర్ గారి అంచనా అక్షరాలా నిజమైంది. నక్షత్రం కోర్ 2 మీదే ఉంది, మైనస్ 30 వద్ద అది నిమిషాల్లోనే తప్పు చూపింది. కోత తగ్గిస్తూ వస్తే చివరకు మైనస్ 5 దగ్గర నిలిచింది. రెండో స్థానంలో ఉన్న కోర్‌కు మైనస్ 10, మిగిలిన నాలుగింటికి మైనస్ 20 పెట్టి, అదనపు 200ను 50కి తగ్గించాను. రెండర్ సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డిస్కు మీద ఉన్న విండోస్ ఫైళ్ళను కూడా ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే విండోస్ ఆదేశంతో పరీక్షిస్తే కొన్ని చెడి ఉన్నాయని చెప్పి, అదే బాగుచేసింది.

ఎర్తింగ్ ముఖ్యం గారూ, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్ విప్పించాం. ఆకుపచ్చ వైరు పెట్టె వెనక్కి మడిచి టేపు చుట్టి ఉంది, పిన్నుకు తగిలించనే లేదు. తగిలించాక క్యాబినెట్ జిల్లుమనడం ఆగింది.

ఎర్తింగ్_ముఖ్యం (రేణిగుంట)

సంతోషం. మన ఊళ్ళలో మూడో పిన్ను అలంకారంగా మిగిలిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒక్క సాకెట్‌తో ఆగకుండా ఇంటి ఎర్తు గొయ్యి కూడా చూపించండి. ఉప్పు, బొగ్గు వేసిన గొయ్యి వేసవిలో ఎండిపోతే పనిచేయదు, అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలిస్తే ఒకటి రెండు వోల్టులకు మించకపోతే మంచిది.

తిరుచానూరు_రోడ్డు (తిరుపతి)

ఎండ కాదని ఒప్పుకుంటున్నాను. అయితే నాదొక ప్రశ్న. మా అబ్బాయి సిస్టమ్‌లో ఆట మధ్యలో తెర ఒక క్షణం నల్లబడి, ఆట మాత్రమే మూతపడుతుంది, సిస్టమ్ రీస్టార్ట్ కాదు. అది కూడా ఇదేనా?

హార్స్‌లీ_గాలి (మదనపల్లె)

కాదండీ, అది గ్రాఫిక్స్ కార్డు వైపు చూడవలసిన లక్షణం. కార్డు రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను బలవంతంగా మళ్ళీ మొదలుపెడుతుంది. లాగ్‌లో డిస్‌ప్లే 4101 కనిపిస్తే అదే. అబ్బాయి కార్డుకు ఏదైనా ఓవర్‌క్లాక్ పెట్టి ఉంటే ముందు అది తీయించి, డ్రైవర్ పూర్తిగా తొలగించి మళ్ళీ ఎక్కించి చూసి, విడిగా కొత్త చర్చ తెరవండి.

పాత_మల్టీమీటర్ (చిత్తూరు)

కొర్లగుంట వాసి గారూ, ఒక జాగ్రత్త చెబుతాను. మీరు ఈ అంకెలన్నీ తేల్చుకున్నది వేసవిలో. చిప్ చల్లగా ఉన్నకొద్దీ రైజెన్ ఇంకాస్త పైకి బూస్టు అవుతుంది కాబట్టి, ఇప్పుడు అంచుమీద నెగ్గిన కోర్ డిసెంబరు ఉదయాల్లో మళ్ళీ తడబడవచ్చు. నెగ్గిన ప్రతి అంకెనూ ఇంకో మూడు నాలుగు సున్నా వైపు జరిపి ఉంచుకోండి, చలి మొదలయ్యాక కోర్‌సైక్లర్‌ను ఒక రాత్రి నడపండి. బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ సెట్టింగులన్నీ సాధారణంగా తుడిచిపెట్టుకుపోతాయి కనుక, ఆ పేజీలను ఇప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.